తెగని నూలు అతికిన మా వదిన

రాసుకో అమ్మలూ. ముందే చెబుతున్నాను, ఆవిడ పేరు మాత్రం రాయకు. ఆదివారం ఆ కూడికలో కూర్చునేవాళ్ళందరికీ పేరు తెలుసు. నేనైతే నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే నా చెవికే ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టు ఉంటుంది. వదిన అనే రాయి. చుట్టరికం లేదు, కులం ఒకటి కాదు. ఆవిడ చర్చికి వెళ్ళేది, నేను కోవెలకి వెళ్ళేదాన్ని. మా ఇద్దరికీ మధ్య ఒక పిట్టగోడ. పొందూరులో పిట్టగోడకి అవతల ఉన్న మనిషి వదిన కాక మరేమవుతుంది?

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. మనిషిని మట్టిలో పెట్టిన కొన్నాళ్ళకి అందరూ చేరి పాటలు పాడుకుంటారు, ప్రార్థన చేసుకుంటారు. తర్వాత పోయినవాళ్ళని ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరూ లేచి నాలుగు మాటలు చెబుతారు. దాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. మొన్న వదిన కూతురు, మన పాప, ఆమదాలవలస నుంచి వచ్చి నా చేతులు పట్టుకుంది. అక్కడ బట్టలు కుట్టే కొట్టు నడుపుకుంటుంది కదా, వేళ్ళన్నీ సూది పోట్లే.

"అత్తా, నువ్వు మాటాడాలి. అమ్మ సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవలికి తెలుసు?" అంది.

"నానెక్కడ మాటాడగలనే. నిలబడితే కాళ్ళు వణుకుతాయి."

"మాటాడనేకపోతే రాయించు. ఎవలో ఒకలు సదువుతారు. ఆ డాక్టరు అమ్మ కన్ను పాడుసేసిన సంగతి కూడా రాయించు. పదిమందికీ తెలియాల. నిజం సెప్పడానికి సిగ్గేటి?"

ఆ మాట విన్నాక మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. ఎందుకో నువ్వే వింటావు. రాస్తూ ఉండు.

వదిన నూలు వడికేది. నేనూ వడికినదాన్నే, కానీ నేను వడికింది చూస్తే నూలని తెలుస్తుంది, ఆవిడ వడికింది చేత్తో తాకితే గాని ఉన్నట్టే తెలియదు. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వుతాం మా ఊళ్ళో. సన్నసన్నటి పళ్ళుంటాయి దానికి, ఏ దువ్వెనకీ అలాంటి పళ్ళు ఉండవు. ఆ దవడని వదిన బొడ్లో దోపుకుని తిరిగేది. సంతకి వెళ్ళినా అదే, పెళ్ళికి వెళ్ళినా అదే. ఒకసారి చర్చిలో మోకాళ్ళ మీద నుంచి లేస్తుంటే టక్కుమని కింద పడిందట. పాస్టరుగారు ఇదేమిటమ్మా అని అడిగితే, "సేప దవడండి బాబూ. ఆ ప్రభువు ఎనకాల తిరిగినోలు సేపలు పట్టినోలే గదా, ఆయన ఏటీ అనుకోడు" అందట. పాస్టరుగారు ఆ రోజు ప్రసంగం మధ్యలో రెండుసార్లు ఆగి నవ్వారని చెప్పుకున్నారు.

ఇంకో సంగతి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను, రాసెయ్యి. వదినకి అడ్డపొగ అలవాటు. నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చడం. వాళ్ళింట్లో కాల్చేది కాదు, దూది ఉంటుందని భయం, చర్చివాళ్ళు వస్తారని ఇంకా భయం. మధ్యాహ్నం గోడ దాటి మా పెరట్లోకి వచ్చేది. ఒకరోజు నిప్పు నోట్లో ఉండగానే పాస్టరుగారి భార్య గోడ మీంచి పలకరించింది. బాగున్నారా అంటే వదిన తల ఊపింది. అమ్మాయి వచ్చిందా అంటే అడ్డంగా ఊపింది. ఆదివారం పాట మీదే అంటే మళ్ళీ నిలువుగా ఊపింది. పొగంతా ముక్కులోనే దాచి పెట్టింది. ఆవిడ అటు వెళ్ళగానే దగ్గు మొదలైంది చూడు, కుండెడు నీళ్ళు పోశాను. అబద్ధం ఆడాల్సి వస్తే వదిన నోరు తెరిచేది కాదు, తల మాత్రం ఊపేది. ఒక్కసారే నోరు తెరిచి అబద్ధం ఆడింది. దాని కోసమే ఇదంతా.

నూలు చూసుకునే తీరు ఒకటి చెప్పాలి. నూలు తెల్లనిది, పోగు ఎక్కడ లావైందో ఎక్కడ సన్నబడిందో నల్లటి దాని మీద పెడితేనే తెలుస్తుంది. అందరం నల్ల గుడ్డ ముక్క పెట్టుకుంటాం. వదినకి మాత్రం నా జడ కావాలి. "ఒసే, ఇటు తిరుగు" అనేది. నేను వెనక్కి తిరిగి కూర్చుంటే జడ మీద పోగు పరిచి, ఒక కన్ను మూసి రెండో కంటితో చూసేది, తర్వాత కన్ను మార్చి చూసేది. నా తల నెరవడం మొదలయ్యాక నన్ను తిట్టింది. "నీకు ఆ ఒక్క పనే సేతనయ్యీది. అదీ పోనాది" అని. ఆ ఏడు నేను రంగు వేసుకున్నాను. మీ తాత అందరితో ముసలితనంలో సోకులని చెప్పుకున్నారు. నేను వదిన నూలు కోసం వేసుకున్నానని ఆయనకి చెబితే అర్థం కాదు.

ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా రాయి.

ఒక వానాకాలం. అలాగే నా జడ మీద పోగు పరిచింది. కుడికన్ను మూసింది కాబోలు, "ఓలమ్మ, తెగిపోనాది" అంది. తిరిగి చూశాను. తెగలేదు.

"తెగనేదు వదినా, సూడు."

"రెండు కళ్ళతో సూస్తే ఉన్నాది. ఎడం కంటితో సూస్తే ముక్కు పక్కకి వచ్చీసరికి నేదు."

నవ్వాం ఇద్దరం. తర్వాత నవ్వు తగ్గింది. రాట్నం దగ్గర కూర్చుని తెగని పోగుని పట్టుకుని అతకబోయేది. వేళ్ళ మధ్య నలుపుతూ ఉండేది, తెగిన చోటు దొరక్క విసుక్కునేది. "ముక్కు పక్కన మనిషి సగమే కనిపిస్తన్నాడే" అని ఒకరోజు నెమ్మదిగా చెప్పింది. పాపకి చెప్పవద్దంది. కొట్టు మూసుకుని పరిగెత్తుకు వస్తుందని.

నాకు అంతకు చాలా ఏళ్ళ ముందు శుక్లం తీశారు. ఆ రోజుల్లో శుక్లం ముదిరితే గాని తీసేవారు కాదు. నన్ను రెండేళ్ళు ఆగమన్నారు, ఆగాను, తీశారు, ఇదిగో ఇప్పటికీ బియ్యంలో రాయి ఏరగలను. దాంతో మా వీధిలో కళ్ళ డాక్టర్ని నేనే అయిపోయాను. ఎవరికి కన్ను మసకేసినా నా దగ్గరికి వచ్చేవారు. నేను వాళ్ళ రెప్ప ఎత్తి చూసి, ఇంకా పచ్చిగా ఉంది, ఆగు, అనేదాన్ని. మామిడికాయ సంగతి చెప్పినట్టు చెప్పేదాన్ని. వదిన రెప్ప కూడా ఎత్తి చూశాను. ఏమీ కనిపించలేదు. కనిపించలేదంటే శుక్లం కాదేమో అనుకోవాలి కదా? నేను మాత్రం ఇంకా పచ్చిదే, అందుకే కనిపించడం లేదు అన్నాను.

తర్వాత కొన్నాళ్ళకి బడి దగ్గరికి కళ్ళ డాక్టర్ల వ్యాను వచ్చింది. చూపు ఉచితంగా పరీక్ష చేస్తారని మైకులో చెప్పారు. నేను కూర కొనుక్కుని వస్తూ చూస్తే వదిన వరసలో నిలబడి ఉంది. ముందు ఇంకా నలుగురే ఉన్నారు. నలుగురే, రాశావా? నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఇక్కడేటి సేస్తన్నావు వదినా? పచ్చి శుక్లం కోయించీసుకుంటే ఉన్న సూపు పోతాది. ముదరనీ."

"ఊరికే సూపించుకుంటానే."

"ఊరికే సూసినోలు ఊరుకోరు. పేరు రాసీసుకుంటారు, బస్సెక్కించీస్తారు. రా."

వచ్చేసింది. నా మాట మీద అంత నమ్మకం ఆవిడకి. వరసలోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను అమ్మలూ. ఆ రోజు కొన్న కూర ఏమిటో కూడా గుర్తుంది, బచ్చలికూర.

అది జరిగాక ఒక క్రిస్మస్ వెళ్ళింది, ఇంకో క్రిస్మస్ వచ్చింది. ఆ పండక్కి పాప వచ్చి ఉండగా వదిన టీ పోస్తే గ్లాసు పక్కన పడింది. పాప చూసింది. మర్నాడే శ్రీకాకుళం తీసుకుపోయింది. అక్కడి కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, కంట్లో శుక్లం లేదమ్మా, కంటి వెనక నరం పాలిపోయి ఉంది, తల స్కానింగు తీయించండి అన్నాడు. ఆ స్కానింగు చూసి విశాఖపట్నం పంపారు. నన్ను కూడా రమ్మంది వదిన. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా ఎడమ కన్ను మూసుకునే చూసింది.

తల ఆపరేషన్లు చేసే డాక్టరుబాబు చిన్నవాడే, నలభై ఉంటాయేమో. గోడ మీద లైటు వేసి స్కానింగు బొమ్మ చూపించాడు. పాప నిలబడింది, మేమిద్దరం కూర్చున్నాం.

"అమ్మా, సైకిలు ట్యూబు పాతబడితే ఒకచోట ఉబ్బుతుంది కదా. మీ తలలో రక్తనాళం అలా ఉబ్బింది. అది సరిగ్గా కంటి నరం పక్కన ఉంది. నరాన్ని నొక్కుతోంది. అందుకే చూపు తగ్గింది. పగిలితే ప్రాణానికే ప్రమాదం."

"ఎంతున్నాది బాబూ?"

"శనగ గింజంత."

"శనగ గింజకి బుర్ర ఇప్పాలేటి?"

ఆయన నవ్వాడు. మంచివాడు అమ్మలూ. అది కూడా రాయి. "రెండు దారులున్నాయి" అన్నాడు. "ఒకటి, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి ఆ ఉబ్బుని లోపల్నుంచి మూసెయ్యడం. తల తెరవక్కర్లేదు, మీ వయసుకి అది తేలిక. రెండోది, తల తెరిచి ఆ ఉబ్బుకి మొదట్లో చిన్న క్లిప్పు పెట్టడం. అది కష్టమైనది. కానీ నరం మీద ఒత్తిడి తీసెయ్యవచ్చు, చూపు కొంత తిరిగి రావచ్చు. నరం నలగడం మొదలై ఎక్కువకాలం అయ్యుంటే మాత్రం తెరిచినా చూపు రాదు, అప్పుడు తొడలోంచి వెళ్ళడమే నయం. అందుకే కొన్ని అడగాలి, ముందు ఇది చెప్పండి. చుట్ట గాని బీడీ గాని అలవాటుందా?"

వదిన అడ్డంగా తల ఊపింది. పాప గోడవైపు తిరిగి నవ్వాపుకుంది. నేను వదిన మోకాలు గిల్లాను.

"సరే. చూపు మసకేసి ఎన్నాళ్ళైంది?"

వదిన నావైపు చూసింది. కుడికంటితోనే చూసింది. తర్వాత నోరు తెరిచింది.

"మొన్న క్రిస్మస్‌కే బాబూ."

"నిజం చెప్పాలమ్మా. నరం పాలిపోయిందని కళ్ళ డాక్టరు రాశారు. ఇంకా ముందునుంచి ఉందేమో?"

"నేదు బాబూ. క్రిస్మస్‌కే. టీ ఒలికిపోనాది, అప్పుడే."

ఆయన నావైపు తిరిగాడు. "మీరు పక్కింట్లోనే ఉంటారట కదా. మీకేమైనా తెలుసా?"

ఏడాదిన్నర, బాబూ. అంతే చెప్పాలి. ముందు నలుగురే ఉంటే వరసలోంచి నేనే లాక్కొచ్చాను బాబూ. అంతే. పాప నా వెనకాలే నిలబడి ఉంది, దాని చెయ్యి నా భుజం మీద ఉంది. నా నోటమ్మట ఏం వచ్చిందో తెలుసా?

"అంతే బాబూ. క్రిస్మస్ నుంచే."

ఆయన రాసుకున్నాడు. "కొత్తదే అయితే ఆశ ఉంది. తల తెరుద్దాం" అన్నాడు.

చూశావా? మేమిద్దరం చెప్పిన మాట మీద తెరిచారు. వదిన లోపలికి వెళ్ళేముందు క్లిప్పు గురించి అడిగింది, మళ్ళీ ఎప్పుడు తీస్తారని. తియ్యరు, అక్కడే ఉంటుందన్నారు. "అయితే ఆ మట్టిలోకి కూడా నాతోనే వస్తాదన్నమాట. పోనీ, బంగారం మాత్రం ఎవలు పెడతారు నాకు" అంది. ఎడమ పక్క తల గొరిగి ఉంది. అటు నన్ను చూడనివ్వకుండా దుప్పటి లాక్కుంది.

పొద్దున్న తీసుకువెళ్ళినవాళ్ళు మధ్యాహ్నం దాటినా బయటికి రాలేదు. పాప బెంచీ మీద నా ఒళ్ళో తల పెట్టుకుంది.

"అత్తా, కన్ను వచ్చీస్తాది గదా? కొత్తదైతే వస్తాదని డాక్టరే అన్నాడు గదా?"

"వస్తాదమ్మా" అన్నాను. అక్కడితో నా అబద్ధాలు రెండు.

ప్రాణం దక్కింది. ఆ ఉబ్బు మళ్ళీ ఎప్పుడూ బాధించలేదు. కట్టు విప్పాక డాక్టరుబాబు కుడికన్ను మూసి, ఎడమ కంటి ముందు వేళ్ళు పెట్టాడు. ఎన్ని అని అడిగాడు. "ఏటీ నేదు బాబూ, సీకటి" అంది వదిన. లైటు వేశాడు. "సీకటే." ఆపరేషన్‌కి ముందు సగమైనా కనిపించేది. ఆ సగం కూడా పోవచ్చని ఆయన ముందే చెప్పాడు, పాపచేత సంతకం కూడా పెట్టించాడు. అయినా ఆయన చాలాసేపు ఆ కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాడు. "కొద్దికాలమే అన్నారు కదా" అని తనలో తను అనుకున్నాడు. తల ఎత్తి నన్ను అడుగుతాడేమోనని నేను మంచినీళ్ళ సీసా పట్టుకుని బయటికి వెళ్ళిపోయాను. నీళ్ళు నిండుగానే ఉన్నాయి అందులో.

అప్పట్నుంచి పాప ఆయన్ని తిట్టని రోజు లేదు. ఏదో పొరపాటు చేశాడని, చెయ్యి వణికి ఉంటుందని, కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. ఆమదాలవలసలో ఎవరికైనా తల ఆపరేషన్ అంటే ఆ ఆసుపత్రికి వద్దని చెప్పేది. ఒకాయన దాని మాట విని వెళ్ళడం మానేశాడని విన్నాను. ఆయనేమయ్యాడో నేను అడగలేదు.

నేను వదినని అడిగాను, ఒక్కసారే. ఆవిడ లేచి తిరుగుతున్న రోజుల్లో మా పెరట్లోనే. చుట్ట మానెయ్యమన్నారు, మానేసింది, ఊరికే ఆకు ముక్క నములుతూ కూర్చుంది.

"ఏల అలగ సెప్పీసినావు వదినా? నిజం సెప్పి ఉంటే నీ బుర్ర ఇప్పకపోదురు."

"ఇప్పితే ఇప్పినారు. అంత ఇప్పి సూసినా ఆ డాక్టరుబాబుకి నీ పేరు దొరకనేదు సూడు."

"నవ్వకు. రేపు నానే ఎల్లి పాపకి సెప్పీస్తాను."

అప్పుడు కోపం వచ్చింది ఆవిడకి. ఆకు ఉమ్మేసింది. "నోర్ముయ్యి. నువ్వు లాక్కొచ్చినావని తెలిస్తే ఆ గుంట సచ్చినా నీ గుమ్మం తొక్కదు. దాని కోపం నాకు తెల్దేటి? దాని తండ్రి కోపమే అది. నాను పోనాక అది ఏ గుమ్మానికి ఎల్తాది? అన్న నేడు, తమ్ముడు నేడు. కన్ను ఒకటి పోనా ఇంకోటి ఉన్నాది. దానికి అత్త ఇంకోటి ఉన్నాదేటి?"

ఆ మాట అనేసి, "ఒసే, ఇటు తిరుగు" అంది. పోగు తెచ్చింది. రంగు వెయ్యడం మానేశాను, నా తల అప్పటికి ముగ్గుబుట్ట. అయినా దాని మీదే పరిచి, ఉన్న కన్ను దగ్గరగా పెట్టి చూసింది. తెలుపు మీద తెలుపు ఏం కనిపిస్తుంది? వేలితో తడిమి, బాగానే ఉన్నాది అంది. ఆపరేషన్ తర్వాత ఆవిడ వడికిన నూలు బాగుండేది కాదు. ముడులు పడేవి. కొన్నవాళ్ళు ఏమీ అనేవారు కాదు, విడిగా పెట్టేవారు. విడిగా పెడుతున్నారని ఆవిడకీ తెలుసు.

ఈ వానల్లో జ్వరం వచ్చి మూడు రోజుల్లో వెళ్ళిపోయింది. తలకీ దానికీ సంబంధం లేదన్నారు. పెట్టెలో పడుకోబెట్టాక ఎడమ కన్ను కొంచెం తెరుచుకుని ఉంటే పాప వేలితో మూసింది. మూస్తూ మళ్ళీ ఆ డాక్టర్ని తిట్టింది. నేను పక్కనే ఉన్నాను.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఆవిడ అడిగింది గనక మూసుకున్నాననుకునేదాన్ని. కాదు అమ్మలూ, నాకు కావాలి గనకే మూసుకున్నాను. పాప నెలకి రెండుసార్లు వస్తుంది, నాకు జాకెట్లు కుడుతుంది, తల దువ్వుతుంది, నా ఎముకల మందు అయిపోతే నీకంటే ముందు దానికే తెలుస్తుంది. దాన్ని పోగొట్టుకోవడం నా వల్ల కాదనుకున్నాను. ఇప్పుడు ఆదివారం అంతమంది ముందు, ప్రార్థన చేసినచోట, తప్పు లేని మనిషి మీద నింద వేస్తూ నా పేరుతో ఒక కాగితం చదవమంటోంది. అది నా వల్ల అవ్వదు. అవునో కాదో నిన్నటిదాకా తెలియలేదు, ఇవాళ పొద్దున్న లేవగానే తెలిసింది.

కానీ పాప ఇది పదిమందిలో మొదటిసారి వినకూడదు. అందుకే ఇవాళ రమ్మని కబురు చేశాను.

అదిగో, గేటు తీసినట్టుంది. పాపే. కాళ్ళు కడుక్కోనీ, మంచినీళ్ళు ఇవ్వు. తర్వాత నా ఎదురుగా కూర్చోబెట్టి ఇది చదువు. నేను ఎక్కడికీ లేచి వెళ్ళను, లేవబోతే నువ్వు పట్టుకో. మొదటినుంచి మాత్రం చదవకు. అవన్నీ వింటే వాళ్ళమ్మ గుర్తొచ్చి నవ్వేస్తుంది, నవ్విన తర్వాత నన్ను తిట్టడానికి దానికి నోరు రాదు. దానికి తిట్టే హక్కుంది.

బడి దగ్గర వరస ఉంది చూడు, అక్కణ్ణుంచి చదువు.